చంకలోని బిళ్లను ఏఐ ఎంతవరకు చదవగలదు?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లకు చేతికొచ్చే బయాప్సీ రిపోర్టులో 3/14 లాంటి అంకె ఒకటి ఉంటుంది. ఇంట్లోవాళ్లు గడ్డ సైజు ఎక్కడ రాశారా అని వెతుకుతారు. క్యాన్సర్ డాక్టరు కళ్లు మాత్రం ఈ అంకె మీదికే పోతాయి. చంకలోంచి తీసిన కొవ్వులో 14 లింఫ్ గ్రంథులు దొరికాయి, వాటిలో మూడింటికి క్యాన్సర్ పాకింది అని దానర్థం. ఒకటి నుంచి మూడు గ్రంథుల వరకు ఒక మెట్టు, నాలుగు నుంచి తొమ్మిది వరకు రెండో మెట్టు, పది, ఆపైన అయితే మూడోది. మూడు కాస్తా నాలుగు అయితే చాలు, జబ్బు స్టేజి మారిపోతుంది. రేడియేషన్ ఎక్కడెక్కడ ఇవ్వాలి, మందులు ఎంత గట్టిగా వాడాలి అన్న లెక్కా మారుతుంది. ఆ నాలుగో గ్రంథిలో ఉన్న క్యాన్సర్ కణాల గుంపు ఆవగింజంత కూడా ఉండకపోవచ్చు.

దాన్ని పట్టుకోవడంలో ఏఐ డాక్టర్లను మించిపోయిందని 2017 నుంచి వార్తలు వస్తూనే ఉన్నాయి. ఆ మాటలో నిజం ఉంది. అయితే ఆ నిజం తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక ల్యాబు బల్ల దాకా రావాలంటే దాటాల్సిన మెట్లు చాలా ఉన్నాయి. వాటిలో సగానికి కంప్యూటరుతో సంబంధమే లేదు.

అలిపిరి లాంటి గ్రంథి

లింఫ్ గ్రంథులు ఎవరికీ కొత్తవి కావు. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ల కట్టిందంటాం, పన్ను పుచ్చితే దవడ కింద కట్టిందంటాం. ఆ బిళ్లలే ఇవి. ఒంట్లో వందల సంఖ్యలో ఉంటాయి. కండలోనూ కొవ్వులోనూ ఊరే నీరు లింఫ్ నాళాల్లోకి చేరి, ఈ గ్రంథుల్లో వడపోసుకుని తిరిగి రక్తంలో కలుస్తుంది. క్రిములు చిక్కేది ఇక్కడే. గడ్డ నుంచి విడిపోయిన క్యాన్సర్ కణం మొదట ఆగేదీ చాలాసార్లు ఇక్కడే.

రొమ్ములోంచి వచ్చే లింఫ్‌లో ఎక్కువ భాగం చంకలోకి పోతుంది. అక్కడా ముందు ఒకటి రెండు గ్రంథులను దాటాకే మిగతావాటికి చేరుతుంది. వీటిని సెంటినెల్ గ్రంథులంటారు, కాపలా గ్రంథులన్నమాట. తిరుపతివాళ్లకు అలిపిరి పేరు చెబితే ఇది వెంటనే అర్థమవుతుంది. కొండకు పోయే ప్రతి బండీ అలిపిరి తనిఖీ దగ్గర ఆగాల్సిందే. ఆపరేషన్ బల్ల మీద కూడా నీలి రంగు మందో, కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థమో రొమ్ములోకి ఎక్కించి, అది మొదట చేరిన గ్రంథిని తీసి చూస్తారు. అందులో ఏమీ లేకపోతే చంకంతా తవ్వాల్సిన పని లేదు. రొమ్ము క్యాన్సర్‌లో ఈ పద్ధతి 1990లలో వచ్చింది. అదే పోలికలో ఇంకో సంగతీ ఉంది. శ్రీవారి మెట్టు దారిన నడిచి వెళ్లేవాళ్లు అలిపిరికి కనిపించరు. కొందరిలో లింఫ్ కూడా అలా వేరే దారి పడుతుంది. కాపలా గ్రంథిలో ఏమీ లేకపోయినా దాని వెనకదాంట్లో క్యాన్సర్ ఉన్న కేసులు కొద్ది శాతం ఎప్పుడూ ఉంటాయి. తన ముందుకు రాని గ్రంథి గురించి ఏ ఏఐ కూడా ఏమీ చెప్పలేదు.

చంకలోని గ్రంథులన్నీ తీసేస్తే నష్టమేమిటని చాలామంది అడుగుతారు. కొందరికి ఆ చేయి ఏళ్ల తరబడి వాస్తుంది. గాజులు ఎక్కవు, రవిక చేయి పట్టదు, నీళ్ల బిందె ఎత్తిన రోజు రాత్రికి చేయి దిమ్మెక్కిపోతుంది. అందుకే అవసరం లేకుండా తీయకూడదన్న పట్టుదల సర్జన్లలో పెరిగింది. 1999లో అమెరికాలో మొదలైన జెడ్0011 అనే పరిశోధన దీనికి బలమిచ్చింది. కాపలా గ్రంథుల్లో ఒకటి రెండింటికి క్యాన్సర్ ఉన్నా సరే, రొమ్ము నిలిపే ఆపరేషనూ రేడియేషనూ అందినవాళ్లలో మిగతా గ్రంథులు తీయకుండా వదిలేసినా పదేళ్ల తర్వాత ప్రాణాలతో ఉన్నవాళ్ల శాతం తగ్గలేదని అది చూపింది. ఏఐ గురించి మాట్లాడేటప్పుడు ఈ ఫలితాన్ని మరిచిపోకూడదు. ఇంకా చిన్న చుక్కను, ఇంకా ఎక్కువ మందిలో పట్టుకున్నంత మాత్రాన రోగికి మేలు జరిగినట్టు కాదు. ఆ చుక్క వల్ల వైద్యం ఏం మారిందన్నదే చూడాలి.

కొవ్వు, కత్తి, మైనం

థియేటర్ నుంచి ల్యాబుకు డబ్బాలో వచ్చేది ఫార్మలిన్‌లో మునిగిన పసుప్పచ్చని కొవ్వు ముద్ద. ఘాటుకు కళ్లు మండుతుండగా, పీజీ చదివే డాక్టరు చేతి తొడుగులు వేసుకుని దాన్ని పలచగా కోస్తూ, వేళ్ల మధ్య నలుపుతూ పోతారు. మెత్తగా జారిపోయేది కొవ్వు. వేలికి చింతగింజలానో, ఒక్కోసారి పెసరగింజలానో తగిలేది గ్రంథి. చంకంతా తీసిన కేసులో కనీసం పది, పెద్దపేగు క్యాన్సర్‌లో కనీసం పన్నెండు గ్రంథులు దొరకాలని నియమం. వేళ్లకు తగలని పెసరగింజ కొవ్వుతో పాటే డబ్బాలో మిగిలిపోతుంది. 3/14లోని 14 పుట్టేది ఈ బల్ల మీదే, ఆ వేళ్ల ఓపిక మీదే.

దొరికిన గ్రంథిని 2 మిల్లీమీటర్ల మందాన ముక్కలుగా కోసి చిన్న ప్లాస్టిక్ క్యాసెట్లలో పెడతారు. ఆల్కహాల్, జైలీన్, కరిగిన మైనం దాటుకుని అది గట్టి దిమ్మ అవుతుంది. ల్యాబులో దాన్ని బ్లాకు అంటారు. మైక్రోటోమ్ కత్తి కింద ఆ బ్లాకు 4 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పలచని రిబ్బనుగా ఊడి వస్తుంది. దాన్ని గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, ముడత పడకుండా గాజు స్లైడు మీదికి ఎక్కిస్తారు. ఆపైన హిమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు వేస్తారు. కణ కేంద్రకాలు ఊదారంగులోకి, మిగతా భాగం గులాబీలోకి మారతాయి.

2 మిల్లీమీటర్ల ముక్కలో 4 మైక్రాన్ల పొరలు 500 పడతాయి. ఒక్క స్లైడు చూశామంటే ఆ ఐదువందల్లో ఒక్క పొర చూశామని. కాపలా గ్రంథిని కొన్ని లోతుల్లో మళ్లీ మళ్లీ కోసి చూసేది ఇందుకే. మనిషి కన్నయినా, యంత్రమైనా చూసేది ఆ పొరనే.

2 మిల్లీమీటర్లు దాటిన క్యాన్సర్ మచ్చ పాథాలజిస్టు, అంటే స్లైడ్లు చూసి జబ్బు తేల్చే డాక్టరు, కంటికి పెద్ద కష్టం లేకుండా దొరుకుతుంది. 0.2 నుంచి 2 మిల్లీమీటర్ల మధ్యవాటిని మైక్రోమెటాస్టాసిస్ అంటారు, తప్పిపోయేవి ఎక్కువగా ఇవే. అంతకన్నా చిన్నగా, విడివిడి కణాలుగా ఉన్నవి రిపోర్టులో రాస్తారు గానీ క్యాన్సర్ సోకిన గ్రంథుల లెక్కలో కలపరు. పని బియ్యంలో రాళ్లు ఏరడం లాంటిదే. చేటలో మొదటి గుప్పెడు ఏరేటప్పటి చూపు ఆఖరి గుప్పెడు నాటికి ఉండదు. పైగా ఇక్కడ చాలా చేటల్లో రాయే ఉండదు.

లక్షన్నర చదరాలు

స్కానరు ఆ స్లైడును ఫొటో తీస్తుంది. ఒక్కో పిక్సెలు పావు మైక్రాను. అడ్డంగా లక్ష, నిలువుగా లక్ష పిక్సెళ్లు అంటే వెయ్యి కోట్ల పిక్సెళ్ల బొమ్మ. అంత బొమ్మను ఏఐలో వాడే ఏ న్యూరల్ నెట్‌వర్కూ ఒక్కసారిగా చూడలేదు. కాబట్టి 256 పిక్సెళ్ల చదరాలుగా కోస్తారు, దాదాపు లక్షన్నర చదరాలు వస్తాయి. ఖాళీ గాజున్న చోట్లు తీసేస్తే యాభై వేలు మిగిలాయనుకుందాం. ఒక్కో చదరానికి నెట్‌వర్కు సున్నా నుంచి ఒకటి మధ్య అనుమానపు మార్కు వేస్తుంది. మార్కులకు రంగులిచ్చి చదరాలను మళ్లీ పేరిస్తే స్లైడు మీద ఎర్రగా వెలిగే పటం తయారవుతుంది. క్యాన్సర్ కణం ఇలా ఉంటుందని ఎవరూ దానికి సూత్రాలు రాసివ్వరు. పాథాలజిస్టులు వందల స్లైడ్ల మీద క్యాన్సర్ చుట్టూ గీత గీసి ఇస్తారు. గీత లోపలికీ బయటికీ తేడా ఏమిటో అది తనంతట తానే పట్టుకుంటుంది.

ఇక్కడ చిన్న గుణకారం చేస్తే ప్రకటనలు చదివే తీరే మారిపోతుంది. వెయ్యి చదరాలకు ఒక్క తప్పు చేసే ఏఐ 99.9 శాతం కచ్చితమైనది. వినడానికి అంతకన్నా ఏం కావాలి? కానీ యాభై వేల చదరాల్లో అది యాభై తప్పులు. క్యాన్సర్ లేని మంచి గ్రంథి మీద యాభై దొంగ మచ్చలు వెలుగుతాయి. కాబట్టి శాతం వినగానే అది చదరాల లెక్కా, స్లైడ్ల లెక్కా, రోగుల లెక్కా అని అడిగి తీరాలి.

ఈ రంగంలో అందరూ చెప్పుకునే పోటీ కామెలియన్16. నెదర్లాండ్స్‌లోని నైమేగన్, యూట్రెక్ట్ వైద్య కేంద్రాల నుంచి 399 స్లైడ్లు తీసుకుని, 270 నేర్పడానికి, 129 పరీక్షకు పెట్టారు. 23 బృందాలు 32 అల్గారిథమ్‌లు పంపాయి. అదే 129 స్లైడ్లను 11 మంది పాథాలజిస్టులకు ఇచ్చి, రోజువారీ రద్దీని తలపించేలా సుమారు రెండు గంటల వ్యవధిలో చూసి ముగించమన్నారు. ఫలితాలు 2017 డిసెంబరులో జామా అనే వైద్య పత్రికలో వచ్చాయి. క్యాన్సర్ ఉన్న స్లైడునూ లేనిదాన్నీ వేరు చేసే శక్తిని కొలిచే అంకె ఒకటుంది. బొమ్మా బొరుసు వేసి చెప్పినట్టయితే 0.5, తప్పే లేకపోతే 1. పాథాలజిస్టుల సగటు 0.810 దగ్గర నిలిచింది. మొదటి స్థానంలో నిలిచిన హార్వర్డ్, ఎంఐటీ బృందపు అల్గారిథమ్ 0.994 తెచ్చుకుంది.

పత్రికల శీర్షికలకు ఎక్కినవి ఆ రెండు అంకెలే. అందులో మూడో అంకె కూడా ఉంది. ఒక పాథాలజిస్టుకు గడువు పెట్టకుండా అవే స్లైడ్లు ఇచ్చారు. ఆయనకో ఆమెకో 30 గంటలు పట్టింది, 0.966 వచ్చింది. ఒక్కరి ఫలితం మీద పెద్ద సిద్ధాంతం కట్టలేం, నిజమే. అయినా 0.810కీ 0.966కీ మధ్య ఉన్న దూరమే ఈ అధ్యయనంలో అన్నిటికన్నా విలువైన సంగతి. అదే చదువు, అవే స్లైడ్లు. ముఖ్యంగా మారింది గడియారం. ఇంకో మాట కూడా చెప్పాలి. ల్యాబులో అనుమానం వస్తే పాథాలజిస్టు సైటోకెరటిన్ అనే ప్రత్యేక స్టెయిన్ వేయించుకుంటారు. దాంతో క్యాన్సర్ కణాలు గోధుమరంగులో బయటపడతాయి. ఆ వెసులుబాటు ఆ పోటీలో లేదు.

ఇంతకన్నా పనికొచ్చే ప్రశ్న 2018లో గూగుల్ పరిశోధకులు వేశారు. లైనా అనే తమ అల్గారిథమ్‌ను పాథాలజిస్టుకు పోటీగా పెట్టకుండా పక్కన తోడుగా కూర్చోబెట్టారు. ఆరుగురు పాథాలజిస్టులు 70 స్లైడ్లను ఒకసారి తామే, ఒకసారి దాని సాయంతో చూశారు. మైక్రోమెటాస్టాసిస్‌లను పట్టుకోవడం 83 శాతం నుంచి 91 శాతానికి పెరిగింది. అలాంటి ఒక్కో స్లైడుకు పట్టే సమయం 116 సెకన్ల నుంచి 61 సెకన్లకు దిగింది. ఇద్దరూ కలిసి చేసిన పని, ఎవరికి వారు చేసినదానికన్నా మెరుగ్గా వచ్చింది. రోజుకు పదుల స్లైడ్లు చూసే ల్యాబులో ఆ మిగిలిన నిమిషాలు కష్టమైన కేసు ముందు ఇంకాస్త కూర్చోవడానికి దొరుకుతాయి. ఏఐ నుంచి మన ఆసుపత్రులు ఆశించాల్సింది ఇదే.

క్షయ బిళ్ల సంగతి

నెదర్లాండ్స్ స్లైడ్ల మీద నేర్చిన యంత్రాన్ని తెచ్చి రాయలసీమ గ్రంథి ముందు పెడితే ఏమవుతుంది? ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఊపిరితిత్తుల తర్వాత క్షయ ఎక్కువగా దిగేది లింఫ్ గ్రంథుల్లోనే, ముఖ్యంగా మెడలో, ఆపైన చంకలో. పీలేరు, పలమనేరు, సత్యవేడు వైపు నుంచి మెడలో బిళ్లతో వచ్చినవాళ్లను చూడగానే డాక్టరు మనసులో రెండు పేర్లు మెదులుతాయి, ఒకటి క్షయ, ఒకటి క్యాన్సర్. మైక్రోస్కోపు కింద క్షయ గ్రంథిలో ఎపిథెలాయిడ్ కణాలు లేత గులాబీ రంగులో గుంపు కడతాయి, మధ్యలో చాలా కేంద్రకాలున్న రాక్షస కణాలు కూర్చుంటాయి. చిన్న లింఫ్ కణాల ఊదా మైదానంలో ఈ పెద్ద లేత కణాల దీవి, దూరం నుంచి చూస్తే, పాకిన క్యాన్సర్‌ను తలపిస్తుంది. అనుభవమున్న పాథాలజిస్టు దగ్గరికి తెచ్చి చూసి తేల్చేస్తారు. అల్గారిథమ్‌లు తప్పు మచ్చ పెట్టే చోట్లలో ఇలాంటి హిస్టియోసైట్లు, రాక్షస కణాలు, గ్రంథిలో సహజంగా ఉండే జెర్మినల్ సెంటర్లు ముందు వరుసలో ఉంటాయి. క్షయ అరుదైన దేశపు స్లైడ్లతో పెరిగిన యంత్రం ఈ దీవులను ఎన్నిసార్లు చూసి ఉంటుంది?

ఇద్దరు శత్రువులూ ఒకే గ్రంథిలో ఉండే కేసులూ ఉంటాయి. అప్పుడు యంత్రం వెలిగించిన ఎర్ర మచ్చ క్షయదని కొట్టిపారేస్తే పక్కనున్న క్యాన్సర్ కూడా దాంతో పోతుంది.

రంగుల తేడా ఇంకో చిక్కు. ఒక ల్యాబులో హిమటాక్సిలిన్ చిక్కగా పడుతుంది, ఒక ల్యాబులో ఇయోసిన్ వెలిసినట్టుంటుంది. మనిషి కన్ను రెండు స్లైడ్లు చూడగానే సర్దుకుంటుంది, యంత్రానికి అది నేర్పాలి. నెదర్లాండ్స్ అంత చిన్న దేశంలోనే ఈ ఇబ్బంది ఎదురై, తర్వాతి పోటీ కామెలియన్17కి ఐదు వైద్య కేంద్రాల నుంచి వెయ్యి స్లైడ్లు తేవాల్సి వచ్చింది. ఫార్మలిన్‌లో తక్కువ సేపు నానిన ముక్క, కత్తి మొద్దుబారి గీతలు పడిన పొర, నీళ్ల మీద మడత పడిన అంచు ఇవన్నీ స్కానరు కంటికి అడ్డుపడతాయి. మంచి టెక్నీషియన్ లేని చోట మంచి ఏఐ ఉండదు.

క్యాన్సర్ రకం కూడా చూసుకోవాలి. మన మగవాళ్లలో పొగాకు, గుట్కా తెచ్చిపెట్టే నోటి క్యాన్సర్ ఎక్కువ. అది పాకేది మెడ గ్రంథులకు. చేతికి బిళ్ల తగలకపోయినా మెడ గ్రంథులను ముందే తీసేయడం మేలా, తర్వాత తగిలితే తీయడం మేలా అన్నది ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి తేల్చింది. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో ముందే తీయించుకున్నవాళ్లలో మూడేళ్లకు 80 శాతం బతికి ఉన్నారు, ఆగినవాళ్లలో 67.5 శాతమే. అంటే పైకి తెలియని చిన్న మచ్చలు మెడలో ఎంతమందిలో దాగి ఉంటాయో ఊహించవచ్చు. ఏఐకి మన దగ్గర ఎక్కువ పని ఉండేది ఇక్కడే కావచ్చు. రొమ్ము క్యాన్సర్ మీద నేర్చిన యంత్రం దీనికి నేరుగా పనికిరాదు. నోటి క్యాన్సర్ స్క్వామస్ కణాలది, దాని రూపం వేరు. రొమ్ములోనే లోబ్యులర్ రకం కణాలు గుంపు కట్టకుండా ఒక్కొక్కటిగా లింఫ్ కణాల మధ్య కలిసిపోయి, ఏ కన్నుకైనా పరీక్ష పెడతాయి.

బస్సులో ప్రయాణించే స్లైడ్లు

చిత్తూరు జిల్లాలో రెండో అభిప్రాయం అంటే వేలూరు సీఎంసీ ఆసుపత్రే. చిత్తూరు నుంచి నలభై కిలోమీటర్ల లోపు, తిరుపతి నుంచి నూరు దాటుతుంది. గుడ్డసంచిలో రిపోర్టుల ఫైలు, అందులో కాగితంలో చుట్టిన బ్లాకులు, స్లైడ్ల డబ్బా, దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్న కొడుకో తమ్ముడో ఈ దారిలో నిత్యం కనిపించే మనిషే. స్లైడు పగిలితే మళ్లీ కోయించాలి, బ్లాకు పోతే అదీ కుదరదు. తిరుపతిలోనే రుయా, స్విమ్స్ ఆసుపత్రులు, అలిపిరి దగ్గర 2022లో మొదలైన టాటా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నా, పెద్ద జబ్బుకు ఇంకోచోట అడగాలన్న కోరిక ఎవరికైనా ఉంటుంది, ఉండాలి కూడా. స్లైడును స్కాన్ చేస్తే ఆ బొమ్మ వేలూరుకో ముంబైకో నిమిషాల్లో చేరుతుంది. ఏఐ ఊసే లేకపోయినా స్కానరు చేసే మేలు ఇది. చిన్న ఆసుపత్రులకు ముందు కావాల్సింది కూడా ఇదేనని గట్టిగా చెప్పొచ్చు.

అయితే ఒక్కో స్లైడు బొమ్మ ఒకటి రెండు గిగాబైట్లు ఉంటుంది. రోజుకు యాభై స్లైడ్లంటే సర్వరు, నెట్టు, కరెంటు, వాటిని చూసుకునే మనిషి కావాలి. స్కానరు ధర లక్షల్లో ఉంటుంది. ఉచిత వైద్య పథకం కింద వచ్చే రోగి ఖాతాలో ఈ ఖర్చు ఎక్కడ రాయాలన్నది యాజమాన్యాలు ముందే తేల్చుకోవాలి.

తప్పు జరిగితే ఎవరిది బాధ్యత అన్నదానికి జవాబు ప్రస్తుతానికి సూటిగానే ఉంది. 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) విడుదల చేసిన వైద్య ఏఐ నైతిక మార్గదర్శకాలు నిర్ణయంలో మనిషి పర్యవేక్షణ ఉండాలని, రోగి సమాచారానికి రక్షణ ఉండాలని చెబుతున్నాయి. రిపోర్టు కింద సంతకం పాథాలజిస్టుదే. యంత్రం ఏమీ లేదన్న స్లైడును చూడకుండా పక్కన పెట్టే అలవాటు మొదలైతే ఆ సంతకానికి అర్థం ఉండదు. అందుకని మచ్చ వెలగని స్లైడ్లను కూడా డాక్టరు కన్ను దాటించే పద్ధతి మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి.

కొనేముందు చేయదగిన పరీక్ష ప్రతి పెద్ద ల్యాబు బీరువాలోనూ సిద్ధంగా ఉంది. పాత స్లైడ్లు, బ్లాకులు, వాటి రిపోర్టులు. రొమ్ము క్యాన్సర్ కాపలా గ్రంథులు కొన్ని, నోటి క్యాన్సర్ మెడ గ్రంథులు కొన్ని, క్షయ అని తేలినవి తగినన్ని, ఏమీ లేనివి ఇంకా ఎక్కువ ఏరి, పేర్లు తీసేసి, రిపోర్టులు కప్పిపెట్టి, అమ్మడానికి వచ్చినవాళ్ల యంత్రంతో చదివించాలి. ఎన్ని మైక్రోమెటాస్టాసిస్‌లు పట్టింది, ఎన్ని వదిలేసింది, ఎన్ని క్షయ దీవులను క్యాన్సర్ అంది, మూడు అంకెలు విడివిడిగా రాసుకోవాలి. మూడో అంకె పెద్దదైతే ఆ యంత్రాన్ని వెనక్కి పంపి, మన స్లైడ్లతో మళ్లీ నేర్పించి తెమ్మనాలి.